బూడిద రంగు చూపించు

ఐదువందల శుభలేఖలు
ఛత్తాబజార్ ప్రెస్సులో ఓ మూలన కట్టలుగా పడున్నాయి.
నా తెరమీద పసుపు పసుపే.
కాగితం మీదికి దిగేసరికి ఆవపిండి.
"గిది పసుపా బిడ్డా?" అన్నాడు
పెళ్లికూతురి మేనమామ సాయన్న.
గట్టిగా కూడా అనలేదు.
అందుకే ఇంకా గుచ్చుకుంటోంది.

సిరా కలిపే ఫసీహుద్దీన్ సాబ్
గోటిమీద చుక్క పెట్టుకుని
ఎండలోకి పోయి చూసొచ్చి,
"ఇంక్ సహీ హై. తుమారా డబ్బా ఝూట్ బోల్తా" అన్నాడు.

ఏడేళ్ల డబ్బా.
మా తమ్ముడు ఇంజినీరింగులో ఆటలాడి వదిలేసింది.
అన్నిటినీ కాస్త ఎక్కువ వెలిగించి చూపేది.
నాకూ అదే అలవాటైపోయింది,
ఉప్పెక్కువ వేసే ఇంట్లో నాలుకలా.

శనివారం. సికింద్రాబాద్, సీటీసీ.
మెట్లమీద కార్ట్రిడ్జులు నింపేవాళ్ల నల్లటి వేళ్లు,
పేగుల్లా వేలాడే వైర్లు దాటుకుని
రెండో అంతస్తు.
గోడ నిండా తెరలు, అన్నిట్లో ఒకటే వీడియో:
జలపాతం, కోసిన దానిమ్మ, చిలకలు.
ఏ చిలకా అంత పచ్చగా ఉండదు.

"నూట నలభై నాలుగు హెర్ట్జ్ మేడమ్," అన్నాడు త్రినాథ్,
బ్యాడ్జీ మీద పేరు అదే.
నా బొమ్మలు పరిగెత్తవు నాయనా.
"ఇది చూడండి, వంపు తిరిగింది."
నేను గీసిన తిన్నటి గీతను
నేనే అనుమానించాలా?
"పోనీ ఇది. అద్దంలా మెరుస్తుంది."
నిజమే. నా మొహం కనిపించింది,
వెనక ట్యూబ్‌లైటుతో సహా.

సంచిలోంచి పాడైన శుభలేఖ తీశాను.
పెన్‌డ్రైవ్ ఇచ్చాను.
"ఆ చిలకల్ని ఆపి
ముందు బూడిద రంగు చూపించు."
"బూడిదా?"
"నలుపు నుంచి తెలుపు దాకా, మెట్లు మెట్లుగా."

ఒకదాని బూడిదలో గులాబీ పొర.
ఒకదానిది పాలల్లో నీలిమందు.
ఒకటి కింది నాలుగు మెట్లనీ
ఒక్క చీకటిగా మింగేసింది.
ఇంకోటి ఎదురుగా బాగానే ఉంది,
పక్కకి జరిగితే వెలిసిపోయింది,
పని చెప్పేటప్పుడు ఒకలా
డబ్బులిచ్చేటప్పుడు ఒకలా ఉండే పార్టీలాగా.

ఆరోది మూలన, దుమ్ము పట్టి.
చిలకలు కూడా దానిమీద నీరసంగానే ఎగిరాయి ఇందాక.
"ఇది ఎవరూ అడగరు మేడమ్. డల్లు."
బూడిద, బూడిదలా ఉంది.
"నా ఫైలు తెరువు."
తెరిచాడు.
ఆవపిండి.
అచ్చం సాయన్న చేతిలో ఉన్నట్టే.
నవ్వొచ్చింది. కళ్లు కూడా తడిశాయి,
ఏసీ పడదని చెప్పాను.

ఇరవై ఏడు అంగుళాలని నెల రోజుల కల.
చేతికొచ్చింది ఇరవై నాలుగు.
పంతొమ్మిది వేల ఐదువందలు.
బేరమాడితే మూడొందలు తగ్గించి
కేబుల్ ఊరికే ఇచ్చాడు,
తన జేబులోంచి ఇచ్చినట్టు మొహం పెట్టి.

ఆటోలో పెట్టెని ఒళ్లో పెట్టుకుని,
రాణిగంజ్ దాటి ట్యాంక్‌బండ్ ఎక్కాక
సాగర్ నీళ్ల రంగేమిటో చెప్పుకోబోయాను.
పేరు దొరకలేదు.
వాసన మాత్రం ఎప్పటిదే.

రాత్రి పాత పనులన్నీ తెరిచాను, ఒక్కొక్కటీ.
లాడ్‌బజార్ గాజుల షాపు బోర్డు.
సంగీతం టీచరమ్మ విజిటింగ్ కార్డు.
మలక్‌పేట పళ్ల డాక్టరు కరపత్రం:
ఆ నవ్వులో పళ్లు
మూడేళ్లుగా పచ్చగానే ఉన్నాయన్నమాట!
పాపం, ఆయన ఒక్క మాటా అనలేదు.
ఫోన్ చేద్దామనుకున్నాను. పదకొండు దాటింది.
తెర కట్టేశాను. మళ్లీ వేసి
శుభలేఖ పసుపుని తెల్లారేదాకా సరిచేశాను.

పొద్దున్నే ప్రెస్సులో
కొత్త పసుపు గోటికెక్కింది.
ఫసీహుద్దీన్ సాబ్ ఎండలో నిలబడి
వేలు ఇటు తిప్పి, అటు తిప్పి,
కళ్లజోడు పైకెత్తి చూసి,
"ధూప్ మే తో సహీ హై బేటీ," అన్నాడు.
ఊపిరి వదిలాను.
"మగర్ షాదీ... రాత్ కో హై నా?"